కార్బన్ బేరానికి కడప రాయి: సరుకు చూడకుండా బయానా తగదు

ప్రొద్దుటూరు: గీటురాయి మీద గీయనిదే బంగారానికి ధర పలకని ఊరు ఇది. అటువంటి ఊరి వాకిట ఇప్పుడు కంటికి కనిపించని, చేతికి తగలని సరుకొకటి వచ్చి నిలబడింది. దాని పేరు కార్బన్ క్రెడిట్. కేంద్ర ప్రభుత్వం 2023 జూన్‌లో దీని క్రయవిక్రయాల పథకాన్ని ప్రకటించింది. 2025 అక్టోబరులో సిమెంటు, అల్యూమినియం, క్లోర్-ఆల్కలీ, కాగితం పరిశ్రమలకు టన్ను ఉత్పత్తికి ఇంత వాయువని హద్దులు గీసింది. హద్దుకంటె తక్కువ వదిలిన కర్మాగారానికి టన్నుకొక క్రెడిట్ వస్తుంది. హద్దు దాటినది ఆ క్రెడిట్లను కొనుక్కోవాలి. ఎర్రగుంట్ల మొదలు జమ్మలమడుగు దాకా సిమెంటు పొగగొట్టాలున్న జిల్లాకు ఇది పరాయి సంగతి కాదని వేరే చెప్పనక్కర లేదు.

దీని వెనుకనే మరొక మాట కూడా వస్తున్నది. పొగగొట్టంలోని బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డయాక్సైడును, పట్టి నేలలోకి దింపితే అక్కడి రాయి దానిని తనలో కలుపుకొని గట్టి రాయిగా మార్చేస్తుందని ఆ మాట సారాంశం. మాటలో అబద్ధం లేదు. ఐస్‌లాండులో చేసి చూపించారు. అయితే కడప జిల్లాలో రాతికి కొదువ లేదు గనుక ఇక్కడి రాతి భూములన్నిటికీ కార్బన్ ధర కట్టవచ్చునని ఎవరైనా లెక్క వేస్తే, అక్కడే తూకం తప్పుతుంది. అన్ని రాళ్ళూ ఒక్క రకం సరుకు కావు. పాత లీజు భూములకు, గనుల తవ్వుడు గుట్టలకు కార్బన్ పేరుతో బయానా ఇవ్వదలచినవారు గాని, పుచ్చుకోదలచినవారు గాని, ముందుగా ఏ రాయి ఏమి చేస్తుందో విచారించుకోవడం మంచిది.

కిటుకు పెద్దదేమీ కాదు. బొగ్గుపులుసు వాయువు నీటిలో కరిగితే పలుచని ఆమ్లం తయారవుతుంది. సోడా సీసాలోనిది అదే. ఈ పులుసు నీరు రాతిని కొద్దికొద్దిగా కొరికి అందులోని కాల్షియం, మెగ్నీషియం, ఇనుములను బయటికి తీస్తుంది. అవి కరిగిన వాయువుతో జతకట్టి కార్బనేటు ఖనిజాలుగా పేరుకొంటాయి. కాల్షియం జతపడితే సున్నపురాయి జాతి, మెగ్నీషియం జతపడితే మాగ్నసైటు, ఇనుము జతపడితే సిడరైటు. ఒకసారి అలా గట్టిపడిన వాయువు మళ్ళీ పైకి రావాలంటే ఆమ్లమైనా తగలాలి, బట్టీలో వేసి కాల్చనైనా కాల్చాలి. కనుకనే గొట్టంలో నిలవచేసిన వాయువుకంటె రాయిగా మారిన వాయువుకు విలువ ఎక్కువ.

అయితే ఇందుకు ఆ రాతిలో కాల్షియం, మెగ్నీషియం చేతులు ఖాళీగా ఉండాలి. బసాల్ట్, డోలరైట్, సర్పెంటైన్ వంటి సిలికేటు రాళ్ళలో అవి ఇసుక జాతి ఖనిజంతో కట్టుబడి ఉంటాయి. వాయువు వస్తే ఆ కట్టు విప్పుకొని దానితో కలుస్తాయి. ఇవి ఖాళీ గోతాలు. సున్నపురాయి సంగతి అలా కాదు. అది ఎప్పుడో కోట్ల సంవత్సరాల క్రితమే ఈ వాయువును నింపుకొని మూతి కుట్టుకున్న గోతం. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిలో 44 కిలోలు ఈ వాయువే. డోలమైటులోనైతే దాదాపు 48 కిలోలు. నిండిన గోతంలో ఇంకా ధాన్యం పోస్తానంటే పట్టేదెక్కడ?

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాల సంపద అంతా ఈ నిండిన గోతాలే. భూగర్భ శాస్త్రజ్ఞులు నార్జి సున్నపురాయి అని పిలిచే ఈ పొరలే సిమెంటు కర్మాగారాలకు మేత. దేశమంతటా ఇళ్ళ గచ్చులకు పోయే కడప బండలూ ఈ పొరలవే. ఈ రాయి వాయువును దాచేది కాకపోగా కొలిమిలో పడితే దాచుకున్నది కక్కేస్తుంది. టన్ను క్లింకరు తీయడానికి సుమారు ఒకటిన్నర టన్నుల సున్నపురాయి పడుతుంది. రాయి నుంచే అర టన్నుకు పైగా వాయువు లేస్తుంది. బొగ్గు మంట వల్ల వచ్చేది దీనికి అదనం. సిమెంటువారు బొగ్గు మానుకొని ఎంత మేలురకపు ఇంధనం వాడినా రాతి లోపలి వాయువు లెక్క మారదు. ఆ పరిశ్రమకు కార్బన్ హద్దులు ఇతరులకంటె బరువుగా తోచడానికి కారణం ఇదే.

సున్నపురాయిలోకి పులుసు నీరు పోతే ఏమవుతుందో చూడడానికి ప్రయోగశాలకు పోనక్కర లేదు. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలకు పోయి చూస్తే చాలు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో లోకానికి తెలియజేసిన ఆ గుహలు 3 కిలోమీటర్లకు పైగా ఉన్నాయి. వానచుక్క గాలిలో, మట్టిలో ఉన్న వాయువును కలుపుకొని పులిసి, సున్నపురాతిని కరిగించుకుంటూ పోయిన దారి అది. ఆ నీరు గుహ కప్పు నుంచి వేలాడి చుక్కగా జారేటప్పుడు వాయువు గాలిలోకి తప్పించుకుంటుంది. కరిగిన సున్నం మళ్ళీ పేరుకొని దిగుడు స్తంభాలవుతుంది. అంటే తీసుకున్నది తీసుకున్నట్టే తిరిగి ఇచ్చివేసింది. ఇది అప్పు బేరమే గాని కొనుగోలు కాదు. సున్నపురాయి గని దగ్గర నేలలోకి వాయువు దింపి క్రెడిట్ పుట్టిస్తామనే కాగితం ఏదైనా వస్తే, దానిని చూసేవారు బెలుం గుహలను ఒకసారి తలచుకోవాలి.

గండికోట లోయలో పెన్న కోసిన కొండ క్వార్ట్‌జైటు రాయి. అది ఈ వాయువుతో పులుసైనా కలవదు, పొత్తైనా కట్టదు. మంగంపేట ముగ్గురాయి కూడా అంతే. నీటికంటె నాలుగింతలు బరువున్న ఆ బేరియం ఖనిజం చమురు బావుల తవ్వకంలో బురద బరువెక్కించడానికి గల్ఫ్ దాకా, అమెరికా దాకా పోతుంది. కార్బన్ బావులు తవ్వితే ముగ్గురాయికి గిరాకీ పెరుగుతుందని ఆశపడేవారుండవచ్చు. నల్లరాతిలో తక్కువ లోతున, తక్కువ ఒత్తిడితో తవ్వే బావులకు అంత బరువు బురదతో పని ఉండదు. ఆ ఆశ మీద నిలవలు పెట్టుకోవడం దండగ.

ఇక మిగిలింది పులివెందుల. అసలు సంగతి అక్కడ ఉన్నది.

పులివెందుల, వేంపల్లె ప్రాంతంలో వేంపల్లె డోలమైటు పొరల మధ్యకు ఒకప్పుడు భూమి లోపలి నుంచి ద్రవశిల చొచ్చుకొని వచ్చి నల్లరాతి పలకలుగా గడ్డకట్టింది. పులివెందుల నల్లరాతి పలక వయస్సు 188 కోట్ల సంవత్సరాలని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. ఆ వేడికి అంచున ఉన్న డోలమైటు కాలి మారి సర్పెంటైన్ అయింది. ఆ సర్పెంటైన్ చీలికలలో పట్టు దారంలాంటి పోగులుగా రాతినార పుట్టింది. బ్రాహ్మణపల్లె వంటి ఊళ్ళ గనుల నుంచి బయటికి వచ్చిన ఈ పొడుగు పోగుల రాతినారకు ఒకనాడు బజారులో మంచి పేరు ఉండేది. వేడి తగిలినప్పుడు ఆ డోలమైటు తనలోని వాయువును కొంత వదిలివేసింది. ఆ విధంగా ఖాళీ అయిన గోతమే సర్పెంటైన్. పోయిన వాయువును మళ్ళీ పుచ్చుకొనే గుణం దానికి సహజం.

లెక్క ఇలా ఉంటుంది. టన్ను వాయువును మాగ్నసైటుగా కట్టివేయడానికి కల్తీ లేని సర్పెంటైన్ రెండు టన్నులకు కొంచెం పైగా పడుతుంది. కల్తీ ఉన్నకొద్దీ ఆ బరువు పెరుగుతుంది. కెనడాలో యూకాన్ ప్రాంతపు క్లింటన్ క్రీక్ పాత రాతినార గని దగ్గర తవ్వి పోసిన గుట్టలు తమంతట తామే గాలిలోని వాయువును పీల్చుకొని తెల్లని పెచ్చు కట్టినట్లు పరిశోధకులు గుర్తించారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో మౌంట్ కీత్ నికెలు గని తవ్వుడు పిండి ఏడాదికి సుమారు 40 వేల టన్నుల వాయువును అలా పట్టుకుంటున్నదని 2014లో లెక్క తేలింది. కనుక పులివెందుల గుట్టలకు కార్బన్ విలువ బొత్తిగా లేదనడం న్యాయం కాదు.

అయితే కొనేవారు రెండు సంగతులు చూసుకోవాలి. మొదటిది, సరుకు కొద్ది. నల్లరాతి అంచున సర్పెంటైన్ పలుచని పట్టీయే గాని కొండ కాదు. 210 మెగావాట్ల విద్యుత్ యూనిట్ ఒకటి పూర్తిగా నడిస్తే రోజుకు 5 వేల టన్నుల ప్రాంతంలో వాయువు వదులుతుంది. ఆ ఒక్క రోజు వాయువుకే పది వేల టన్నులకు పైగా స్వచ్ఛమైన సర్పెంటైన్ కావాలి. రెండవది, అందులో రాతినార ఉన్నది. దాని ధూళి ఊపిరితిత్తులను ఏమి చేస్తుందో తెలిసిన తరువాతనే ప్రభుత్వం 1986లో కొత్త లీజులను, 1993లో పాత లీజుల పొడిగింపును ఆపింది. రాతినార కార్మికుల ఆరోగ్యం విషయంలో సుప్రీంకోర్టు 1995 జనవరిలో గట్టి తీర్పు ఇచ్చింది. రాయిని మెత్తగా పిండి చేస్తేనే వాయువు త్వరగా పట్టుతుంది. పిండి చేస్తేనే ధూళి లేస్తుంది. పోగు పూర్తిగా మాగ్నసైటుగా మారితే దాని కీడు తగ్గుతుందని చెప్పే శాస్త్రజ్ఞులు ఉన్నారు. అది తడి యంత్రాలలో, మూసిన గదులలో చేయవలసిన పని. కూలీలకు తలగుడ్డ కట్టించి గుట్టను క్రషరుకు ఎత్తించే బేరగాడు వస్తే, అతను తెచ్చేది కార్బన్ సొమ్ము కాదు, ఆసుపత్రి ఖర్చు.

గుట్టలు చాలకపోతే నేల కింద నల్లరాయి ఉన్నది గదా అనే ప్రశ్న వస్తుంది. ఇక్కడనే ఐస్‌లాండు కథను జాగ్రత్తగా చదవాలి. హెల్లిషెయిది విద్యుత్ కేంద్రం దగ్గర 2012లో రెండు విడతలుగా సుమారు 230 టన్నుల వాయువును నీటిలో కరిగించి 400 నుంచి 800 మీటర్ల లోతులోని బసాల్ట్‌లోకి దింపారు. బేళ్ళ మీద ముద్ర వేసినట్టు ఆ వాయువుకు కార్బన్-14 గుర్తు పెట్టి పంపి, పక్క బావిలో ఆ గుర్తు కోసం కాచుకొని చూశారు. రెండేళ్ళు తిరగకముందే 95 శాతానికి పైగా రాయిగా మారిందని 2016లో ప్రకటించారు. వేల సంవత్సరాలు పడుతుందనుకున్న పని అది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు వల్లులా దగ్గర 2013లో నీరు కలపకుండానే సుమారు వెయ్యి టన్నులు దింపి, రెండేళ్ళ తరువాత రాతి ముక్కలు పైకి తీసి చూస్తే కార్బనేటు గుండ్లు కనిపించాయి. మన హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కూడా దక్కన్ బసాల్ట్ ఇందుకు ఏ మేరకు పనికివస్తుందో పరిశీలించింది.

ఐస్‌లాండు రాయి పడుచు రాయి. బొరియలతో, పగుళ్ళతో నీరు పారే రాయి. దక్కన్ రాయి వయస్సు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాలు. పులివెందుల రాయి దానికంటె దాదాపు ముప్పై రెట్లు ముసలిది. ఇంత కాలంలో దాని సందులలో వేరే ఖనిజాలు పేరుకొని చాలావరకు పూడిపోయి ఉంటాయి. ఖాళీ గోతమే అయినా మూతి బిగిసి ఉంటే ధాన్యం పోయడం ఎలా? రాతి గుణం, రాతి దారి రెండూ కుదిరినప్పుడే బేరం కుదురుతుంది. ఇప్పటికి గుణం తెలిసింది గాని దారి తెలియలేదు.

నీటి లెక్క ఇంతకంటె కఠినం. ఐస్‌లాండు పద్ధతిలో టన్ను వాయువును కరిగించడానికి సుమారు 25 టన్నుల నీరు కావాలి. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రంలో 210 మెగావాట్ల యూనిట్లు ఐదు, 600 మెగావాట్ల యూనిట్ ఒకటి, మొత్తం 1,650 మెగావాట్లు ఉన్నాయి. పైన చెప్పిన లెక్క ప్రకారం 210 మెగావాట్ల యూనిట్ ఒక్కదాని వాయువుకే రోజుకు లక్షా 25 వేల టన్నుల నీరు, ఏడాదికి 1.6 టి.ఎం.సి. కావాలి. కేంద్రం మొత్తానికి పన్నెండున్నర టి.ఎం.సి. దాటుతుంది. గండికోట జలాశయం పూర్తిగా నిండితే పట్టేది 26.85 టి.ఎం.సి. ఇందులో సగానికి దగ్గర నీరు పొగకు పోయాలన్నమాట. ఆ నీటిలో కొంత మళ్ళీ తోడి వాడవచ్చునని, ఉప్పునీరు కూడా పనికివస్తుందని శాస్త్రజ్ఞులు అంటారు. సముద్రం పక్కన ఉన్నవారికి ఆ మాట చెల్లుతుంది. 700 మిల్లీమీటర్ల వాన మీద బ్రతికే జిల్లాలో, చీనీ తోటకు బోరు ఎన్ని వందల అడుగులు దించితే నీరు పడుతుందో తెలిసిన పులివెందుల రైతు దగ్గర అది చెల్లదు.

అన్నిటికంటె ముఖ్యమైనది తుమ్మలపల్లె. పులివెందుల పక్కనే వేంపల్లె డోలమైటులో యురేనియం ఉన్నది. దానిని తీసే పద్ధతి వర్తకులు గమనించదగినది. ఇతర చోట్ల యురేనియం రాతిని ఆమ్లంతో కరిగిస్తారు. తుమ్మలపల్లెలో డోలమైటు ఆమ్లాన్ని తాగివేస్తుంది గనుక సోడియం కార్బనేటు క్షారంతో, ప్రాణవాయువుతో, ఒత్తిడి మీద కరిగిస్తారు. అంటే యురేనియాన్ని రాతి నుంచి విడిపించి నీటిలోకి లాగే మందు కార్బనేటే. చైనాలో ఇన్నర్ మంగోలియా ప్రాంతంలో బొగ్గుపులుసు వాయువును, ప్రాణవాయువును కలిపి నేలలోకి పంపి యురేనియం తీస్తున్నారు. అదే డోలమైటులోకి పులుసు నీరు పంపితే అక్కడ బైకార్బనేటు పుడుతుంది. దానికి ప్రాణవాయువు ఏ పాత బోరు ద్వారానైనా తోడైతే యురేనియం కదలవచ్చు. ఆ పొరల నీరే చుట్టుపక్కల ఊళ్ళు తాగేది. తుమ్మలపల్లె వ్యర్థాల చెరువు దగ్గర గ్రామాల రైతులు తమ బోరు నీటి గురించి ఇప్పటికే ఎన్నోసార్లు మొరపెట్టుకున్నారు. ఆ వివాదం మీద మరొక వివాదం తెచ్చిపెట్టే క్రెడిట్‌కు ఏ ధర వచ్చినా అది నష్టపు బేరమే.

కాబట్టి డోలమైటులోకి గాని, దానిని ఆనుకొని ఉన్న నల్లరాతిలోకి గాని వాయువు దింపే పథకం ఏదైనా పులివెందుల ప్రాంతానికి తగదు. ఇది జంకుతో చెప్పే మాట కాదు, ఆ రాతి రసాయనం చెప్పే మాట. పరిశీలించదగినది పాత గని గుట్టలను మాత్రమే. అదీ ధూళి లేకుండా, నేల పైన, మూసిన యంత్రంలో. దాని వల్ల పొగగొట్టం తీరిపోదు. పనికిరాని గుట్ట ఒకటి కొంత పనికివస్తుంది, గాలికి లేచే రాతినార కొంత అణగుతుంది. ఆ మేరకే దానికి ధర కట్టాలి.

జమ్మలమడుగు వైపు వారికి అసలు దారి వేరే ఉన్నది. క్లింకరు తగ్గించిన ప్రతి టన్నుకూ రాతి నుంచి లేచే అర టన్ను వాయువు లేవకుండా పోతుంది. పొజొలానా సిమెంటులో థర్మల్ కేంద్రపు బూడిదను 35 శాతం వరకు కలపడానికి భారత ప్రమాణాలు అనుమతిస్తాయి. ముద్దనూరు బూడిద ఎర్రగుంట్లకు కూతవేటు దూరం. నేలలో దాచే వాయువుకు బావి, పంపు, నీరు, ఏళ్ళ కొద్దీ కాపలా కావాలి. కాల్చని రాతికి ఇవేవీ అక్కరలేదు. అయితే ఈ క్రెడిట్ కర్మాగారానికి దక్కుతుందే గాని, బూడిద లారీ వర్తకుడికి కాదు. బూడిద రేటు మాట్లాడుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుంటే బేరం కొంచెం గట్టిగా చేయవచ్చు.

ప్రొద్దుటూరు దళారులకు కాగితం కొత్త కాదు, వాయిదా కొత్త కాదు. కొత్తది సరుకు ఒక్కటే. రాయిగా మారిందని చెప్పే క్రెడిట్‌కు ఏ ఖనిజంగా మారింది, దింపక ముందు తీసిన రాతి ముక్క ఎక్కడ, దింపిన తరువాత తీసినది ఎక్కడ, వాయువుకు గుర్తు పెట్టి పంపారా, పక్క బావి నీరు నెలనెలా ఎవరు పరీక్షించారు అని అడిగే హక్కు కొనేవారికి ఉన్నది. ఐస్‌లాండువారు ఇటువంటి రుజువులు చూపించారు. ఇక్కడ పులివెందుల నల్లరాతి నుంచి ఒక్క బోరు ముక్కనైనా పులుసు నీటిలో నానబెట్టి ఎంత పట్టిందో తూచి చెప్పే నివేదిక వచ్చేవరకు, కార్బన్ పేరుతో లీజు భూమికి ఎకరాకు అదనంగా పెట్టే ప్రతి రూపాయీ గీటురాయి చూడని బంగారానికి పెట్టినట్టే లెక్క.